గునుగును కలుపన్నదెవరు?

పోయిన సద్దుల బతుకమ్మకు కరీంనగర్ బజారులో రెండు కట్టల గునుగు పువ్వు కొన్నాను. వంద నోటిస్తే చిల్లర రాలేదు. ఎక్కడి నుంచి తెచ్చినవక్కా అని అడిగితే, "మస్తు దూరం పోయినం సారూ. చెలకలల్ల ఇంకా యాడున్నది? అంత మందు కొట్టిరి" అంది పువ్వులమ్మే ఆమె. ఇంటికి తెస్తే అవ్వ ధర అడిగింది. చెప్పాను. కట్ట విప్పి ఒక్కో కాడ తిప్పి చూసింది. "దీన్ని పీకి పీకే గదరా నా నడుం పోయింది" అంది.

నిజమే. కానీ అవ్వ పీకిన గునుగంతా గట్టు మీదికే పోలేదు. కలుపు తీసేటప్పుడు ముదురు మొక్కలు పక్కకు విసిరేది, లేతవి కొంగులో వేసుకునేది. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి కొంగు ఉబ్బి ఉండేది. ఆకు గిల్లి, రెండుసార్లు కడిగి, ఉడికే కందిపప్పులో వేస్తే కుండెడు ఆకు చూస్తుండగానే పిడికెడయ్యేది. నాలుగు పచ్చిమిరపకాయలు, చింతపండు పులుసు, పైన ఎల్లిపాయ పోపు. ఆ పప్పు జొన్నరొట్టె మీద వేసి చేతికిచ్చేది. పప్పు తడికి రొట్టె నడుమ మెత్తబడేది, అంచు మాత్రం కరకరలాడేది. ఆ కూరకు మేం పైసా పెట్టలేదు, విత్తనం వేయలేదు, నీళ్లు కట్టలేదు. వానాకాలమంతా గునుగు, చెంచలి, గంగవాయిలి, ఎలుకచెవి కూర ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. వినాయక చవితినాడు తుమ్మికూర తినకపోతే పండుగే కాదు.

ఒక్క మాట అడుగుతాను. తరతరాలుగా కూరైన మొక్క ఏ పొద్దున లేచి కలుపయింది? ఎవరు చేశారు? వ్యవసాయ పుస్తకం తెరవండి, గునుగు కలుపు మొక్కల పట్టికలో ఉంటుంది. ఇదే మొక్కను నైజీరియాలో యోరుబా ప్రజలు 'సోకో' అంటారు, మళ్లు కట్టి, విత్తనం చల్లి, కట్టలు కట్టి సంతలో అమ్ముతారు. మన గంగవాయిలిని టర్కీలో పెరుగులో కలుపుకుని తింటారు, మెక్సికోలో మాంసంతో వండుతారు. వాళ్లు మనకంటే తెలివి తక్కువ వాళ్లా? గునుగు కలుపని చేనులో రాసిపెట్టి లేదు, మందు డబ్బా మీద రాసి ఉంది.

గడ్డిమందు సంగతి మా జిల్లాల్లో తెలియని వాళ్లు లేరు. పత్తి చేనులో మామూలుగా ఆ మందు కొడితే పత్తి కూడా మాడిపోతుంది. అందుకని మందు తట్టుకునే విత్తనం వచ్చింది. దేశంలో దానికి ఈ రోజుకీ అనుమతి లేదు. 2002లో అనుమతించింది కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తినే. అయినా ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల దాకా 'బీటీ త్రీ' అనీ, 'లూజు' అనీ పేరు పెట్టి, బిల్లు లేని సంచుల్లో ఊరూరా అమ్ముతారు. ఆ మందు పేరు గ్లైఫోసేట్. అది మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే చెప్పింది. తెలంగాణ రాష్ట్రం 2018లో ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, లైసెన్సు ఉన్న పురుగుల నివారణ వాళ్లు తప్ప ఎవరూ వాడొద్దంది. మా ఊరికి దగ్గరి మండల కేంద్రంలో ఒక దుకాణంలో అడిగితే లోపలి గదిలోంచి తెచ్చి ఇచ్చారు. లైసెన్సు సంగతి ఎత్తితే నవ్వారు.

ఆ మందు కొట్టిన చేనును రెండు వారాలకు చూడండి. పత్తి ఒక్కటే పచ్చగా నిలబడుతుంది, మిగతాదంతా బెల్లం రంగుకు తిరిగి వాలిపోతుంది. పోయేది గడ్డి ఒక్కటే కాదు. పత్తి సాళ్ల నడుమ ఒక కంది సాలు ఉండేది. గట్టున పుంటికూర, బబ్బెర్లు, అడుగున బుడమకాయ తీగ పాకేవి. మందు తట్టుకోవడం వాటికి ఎవరూ నేర్పలేదు కదా. ఆడవాళ్ల కొంగులోకి వచ్చే వానాకాలపు కూరాకంతా ఒక్క స్ప్రేతో పోయింది. ఆ లెక్క ఏ పంట నష్టం రిజిస్టరులోనూ ఎక్కదు. ఎందుకంటే దానికి ధర లేదు. బజారులో ధర లేనిది మన పరిపాలనకు కనిపించదు.

ఆగండి, మీరనబోయేది నాకు తెలుసు. పట్నంలో కూర్చుని కూరల కథలు చెప్పొద్దు, కలుపుకు కూలీలు ఎక్కడ దొరుకుతున్నారు అంటారు. దొరకడం లేదు. దొరికినా ఇచ్చుకునే కూలి మిగలదు. అవ్వ నడుమే సాక్షి, వంగి వంగి చేసే ఆ చాకిరీని నేను పండుగలా వర్ణించను. మందు కొట్టే రైతు మీద నాకు కోపం లేదు. గుంటుక తోలే ఎడ్లు పోయాక, ఇంటి ఆడవాళ్లు బీడీలకో ఉపాధి పనికో పోయాక, అప్పుతో తెచ్చిన విత్తనం కళ్లముందు గడ్డిలో మునిగిపోతుంటే ఎవరైనా డబ్బానే ఎత్తుకుంటారు. కోపమంతా అతనికి వేరే దారి లేకుండా చేసిన వాళ్ల మీద. చిన్న కమతానికి సరిపోయే కలుపు యంత్రాన్ని సబ్సిడీలో ప్రతి ఊరికీ ఇవ్వడానికి చేతకాని ప్రభుత్వం, రైతు వాడొద్దన్న మందును చాటుగా చేరవేయనివ్వడంలో మాత్రం ఆరితేరింది.

కూర కథ ఇదైతే, దాని కింది రొట్టెకు కావాల్సిన జొన్న సంగతి ఇంకా ఘోరం. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు వడ్లకు రూ.2,369, హైబ్రిడ్ జొన్నకు రూ.3,699. కాగితం చూస్తే రైతులంతా జొన్న మీద పడాలి. ఎవరూ పడరు. వడ్లకు ఊరూరా ఐకేపీ కొనుగోలు సెంటరు ఉంటుంది, సన్నవడ్లకు బోనస్ కూడా ఉంది. జొన్న కొనే కాంటా ఎప్పుడు తెరుస్తారో, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు తీసుకుంటారో దేవుడికే తెలియాలి. మా జొన్నలు కొనండని ఆదిలాబాద్ రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. కొననప్పుడు ఆ ధర ఎందుకు, ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోవడానికా?

కొని ఏం చేయాలని అధికారులు అడగొచ్చు. 2013 ఆహార భద్రతా చట్టమే చదవండి. బియ్యం కిలో మూడు రూపాయలకు, గోధుమలు రెండుకు, జొన్న, సజ్జ లాంటి ముతక ధాన్యాలు రూపాయికి ఇవ్వొచ్చని అందులోనే ఉంది. మా రేషన్ షాపులో జొన్న గింజ నేనెన్నడూ చూడలేదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆకలి తీర్చింది, కాదనను. ఇప్పుడు మనిషికి ఆరు కిలోలు, అదీ 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. దొడ్డుబియ్యం పోయి సన్నవి వచ్చాయని సంబరపడ్డాం. పళ్లెంలో జొన్న పోయిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి ఒక్క కారణమే ఉందనను. కానీ గటక, అంబలి, ఆకుకూర తిన్న చోట తెల్లన్నమూ ఐరన్ మాత్రా మిగిలాయంటే కడుపు మండదా?

ఊరికే దొరికే తిండిని నిలుపుకోవడానికి వాన ఎక్కువే పడాలని లేదు, ఎడారినే చూడండి. ఆదిలాబాద్‌లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో 200 పడితే గొప్ప. అలాంటి థార్ ఎడారిలో జనం ఏం తింటున్నారు? ముళ్లపొదకు కాసే కైర్ కాయలు, జమ్మి జాతి ఖేజ్రీ చెట్టు కాయలు సాంగ్రీ, ఎండబెట్టి ఏడాది పొడవునా వండుకుంటారు. అవి కరువు కాలపు తిండి. ఇప్పుడు పెళ్లి విందుల్లో మొదటి వరస కూర, కిలో వందల రూపాయలు పలుకుతుంది. ఆ చెట్టును నరకనీయకుండా 1730లో ఖేజడ్లీ ఊళ్లో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. మనమూ దసరానాడు జమ్మికి మొక్కి, ఆకు చేతిలో పెట్టి బంగారం అనుకుంటాం. తెల్లారితే ఆ చెట్టు చుట్టూ మందు కొడతాం. వాన లేని చోట వాళ్లు వండుకుంటున్నారు, వాన పడే చోట మనం ఎడారిని కొనుక్కొచ్చి, ట్యాంకులో కలిపి, వీపుకు తగిలించుకుని మరీ చల్లుతున్నాం.

అడవి సంగతి వేరే కాదు. ఎండాకాలం మొదట్లో ఉట్నూరు వైపు తెల్లవారుజామున పోతే ఇప్పచెట్ల కింద గోండు, కొలాం ఆడవాళ్లు గంపలతో కనిపిస్తారు. పువ్వు రాత్రంతా రాలుతుంది, ఎండ ముదరకముందే ఏరాలి. మైనంలా మెత్తగా, కాస్త మత్తెక్కించే తీపి వాసన. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడతలు పడుతుంది. వండుకుంటారు, నువ్వులతో దంచుకుంటారు, కొంత సారాకు పోతుంది. ఆ చివరి ముక్క ఒక్కటే ఆబ్కారీ వాళ్లకు గుర్తుంటుంది. కొత్త పంటను దేవతకు పెట్టనిదే నోట్లో పెట్టుకోని జనానికి, తమ తిండిని తాకాలంటే కేసు భయం. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఉత్పత్తుల మీద హక్కు వాళ్లదేనంది. చెక్‌పోస్టు దగ్గర ఆ చట్టం ఎవరు చదివి వినిపించాలి?

ఇప్పుడు అదే ఇప్పపువ్వుతో ఉట్నూరులో ఆదివాసీ మహిళా సంఘం లడ్డూలు చేస్తోంది. రక్తహీనత తగ్గాలని ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు పెడుతున్నారు. 2025 మార్చిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటల ప్రస్తావన వచ్చింది. మంచిదే. కానీ లడ్డూ చుట్టాక దండలు వేసేవాళ్లు, ఆ చెట్టు కిందికి పోయే దారిలో కంచె పడినప్పుడు ఎక్కడున్నారు? తునికి పండు, మొర్రి పండు, రేగు పండు, వానలు పడ్డాక అడవి కాకర, పుట్టగొడుగులు, వీటన్నిటికీ ఒక్కో పథకం పెడతారా? పెట్టొద్దు. అడ్డం తప్పుకుంటే చాలు, వాళ్లకు వండుకోవడం వచ్చు.

నేను పెద్దగా చేసిందేమీ లేదు. ఈ వానాకాలం మా చెలకలో ఉత్తరం గట్టు పొడవునా మూడు సాళ్లంత జాగా మందు కొట్టకుండా వదిలేయించాను. కౌలు చేసే తమ్ముడు మొదట ఒప్పుకోలేదు, పక్క చేన్లోకి విత్తనం రాలుతుంది, నన్ను తిడతరు అన్నాడు. ఆ మాటా నిజమే, పువ్వు ముదరకముందే కోసేస్తానని మాటిచ్చాను. మొన్న పోతే గునుగు మోకాలెత్తు లేచి ఉంది. పక్క చేను ఆసామి ట్యాంకు వీపున వేసుకుని వస్తూ ఆగాడు.

"గట్టంత గడ్డయింది గదనే. ట్యాంకుల ఇంత మిగిలింది, కొట్టియ్యాల్నా?"

"ముట్టకు" అన్నాను. "అవ్వ పప్పు పొయ్యి మీద పెట్టింది."