పిట్టగోడ కట్టమన్న దేవుడు నిలబడడం నేర్చుకోవద్దంటాడా?



తాయ్ చీ చేసే విశ్వాసి అన్య ఆత్మకు తలుపు తీస్తున్నాడని కొందరు ప్రసంగీకులు గట్టిగా బోధిస్తున్నారు. ఆ భయంతో డాక్టరు చెప్పిన కాళ్ళ వ్యాయామం కూడా మానుకొనే పెద్దవాళ్ళున్నారు. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

ముందు ఆ వ్యాయామం ఏమిటో చూడండి. కుర్చీ వీపు పట్టుకొని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, నడుము నిటారుగా నిలబడాలి. ఒంటి బరువును మెల్లగా కుడికాలి మీదికి తేవాలి. ఎడమకాలు తేలికయ్యాక దాని మడమ కొంచెం లేపాలి. మళ్ళీ అంతే నిదానంగా రెండోవైపు. ఊపిరి బిగబట్టకూడదు. ఇంతే! ఇందులో మంత్రమెక్కడ? మొక్కు ఎక్కడ? వయసు మళ్ళినవారు తరచుగా తూలేది బరువు ఒక కాలినుండి ఇంకో కాలికి మారేటప్పుడే. ఆ మార్పునే ఇక్కడ సాధన చేస్తారు.

2018లో ప్రచురితమైన అమెరికా పరిశోధన ఒకటుంది. పడిపోయే ప్రమాదమున్న, 70 ఏళ్ళు పైబడిన 670 మందితో ఒరెగాన్ రాష్ట్రంలో అది జరిగింది. వారానికి 2 సార్లు, 24 వారాలు తాయ్ చీ ఆధారిత వ్యాయామం చేసినవారిలో పడిపోవడాలు, కేవలం ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే 58 శాతం తగ్గాయి.

"చైనాలో పుట్టింది కదా" అంటారు. మన బైబిలు అచ్చయ్యే కాగితం ఎక్కడ పుట్టింది? ఆరాధన అయ్యాక తాగే టీ ఎక్కడిది? "దానిలో తావో తత్వం ఉంది" అంటారు. ఉంది, కాదనను. ఎవరైనా దాన్ని ఆరాధనగా, విశ్వశక్తిలో లీనమవడంగా నేర్పితే అక్కడినుండి లేచి వచ్చేయండి. కాని మడమ లేపడం తత్వం కాదు. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి 1 కొరింథీ 8లో పౌలు చేసిన వివేచన మనకు లేదా? మనస్సాక్షి ఒప్పుకోనివారిని బలవంతం చేయవద్దు. ఒప్పుకొన్నవారికి తీర్పు తీర్చవద్దు.

"ప్రార్థన చాలదా?" అనేవారు ద్వితీయోపదేశకాండము 22:8 తెరవండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెచుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరూ పడకూడదని! ప్రార్థించి మిద్దెమీద తిరగమనలేదు. పైగా గోడ లేక ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివానిమీదే ఉంచాడు. బోధకులారా, ఒక విధవరాలు పడి తుంటి ఎముక విరిగి మంచం పడితే, ఆమెను ఎత్తి దించేది మీ ప్రసంగం కాదు, ఆమె కోడలు. ఆమె పిట్టగోడను పడగొట్టే హక్కు మీకెవరిచ్చారు?

పెద్దలారా, కళ్ళు తిరిగేవారు, ఆపరేషన్ అయినవారు ముందు డాక్టరును అడగండి. పక్కన ఒకరిని ఉంచుకొని మొదలుపెట్టండి. పేరు ఇబ్బందిగా ఉంటే ఆ పేరు వదిలేయండి, నిలబడడం మాత్రం వదలకండి.

మీ పాదము తొట్రిల్లకుండ ప్రభువు కాపాడును గాక. ఆమేన్.