బరాత్‌లో వినిపించే పాఠం



మర్పల్లిలో పెళ్లి బరాత్ వెళ్తుంటే పిల్లలు వాకిట్లోకి ఉరుకుతారు. "లోపలికి రా, హోంవర్క్ చెయ్" అని మనం పిలుస్తాం. ఈసారి ఐదు నిమిషాలు ఆగి, మీరూ వాళ్ల పక్కన నిలబడి వినండి.

ఆ ట్రంపెట్, క్లారినెట్ యూరప్‌వి. సైనిక బ్యాండ్లతో మన దేశానికి వచ్చాయి. తీన్‌మార్ దెబ్బ హైదరాబాద్ మర్ఫాది. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు దాన్ని తెచ్చారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటే నేటి ఏసీ గార్డ్స్. ఈ రెండూ మన డప్పు పక్కన చేరి మన వీధి పాట అయ్యాయి.

క్యూబాలోనూ ఇలాగే జరిగింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజల తాళాలు, యూరప్ పాటలు అక్కడ కలిశాయి. పెద్దింటివాళ్లు ఆ డ్రమ్ములను చాలాకాలం చిన్నచూపు చూశారు. 1930లో అమదేయో రోల్దాన్ బోంగో, మరాకా వంటి వాద్యాలతోనే కచేరీ రచనలు చేశాడు. 1943లో హవానాలో పుట్టిన తానియా లియోన్ సంగీతంలో క్యూబా తాళాలు ఆర్కెస్ట్రాతో కలిసి పలుకుతాయి. ఆమె రాసిన 'స్ట్రైడ్'కు 2021లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

మరి మనం? కీబోర్డ్ క్లాసుకు ఫీజు కట్టడానికి వెనకాడం. అదే బాబు డప్పు పట్టుకుంటే "అది మన పని కాదు" అంటాం. ఆ మాటలో ఉన్నది సంగీతం గురించిన తీర్పు కాదు, కులం. డప్పు కొట్టే ఇంటి నుంచి వచ్చిన పిల్లలూ మన తరగతుల్లో కూర్చుంటారు. నాన్న ఏం చేస్తారని అడిగితే తల దించుకునే బిడ్డకు ఎంత మంచి ర్యాంకు వస్తే మాత్రం ఏం లాభం?

బడి తప్పూ ఉంది. పరీక్షలు దగ్గరపడితే మేము ముందుగా తీసేసేది మ్యూజిక్ పీరియడ్‌నే.

మార్కులు తగ్గుతాయని భయపడకండి. ఒకరు మూడు లెక్కలకోసారి, ఇంకొకరు నాలుగు లెక్కలకోసారి చప్పట్లు కొడితే ఇద్దరూ పన్నెండు దగ్గర కలుస్తారు. క.సా.గు. అంటే అదే.

ఈసారి యాన్యువల్ డేలో కీబోర్డ్ పక్కన డప్పునూ పెడదాం. మన ఊరి కళాకారుణ్ణి గురువుగా పిలుద్దాం. శాలువాతో సరిపెట్టకుండా, కీబోర్డ్ సార్‌కు ఇచ్చినంతే ఇద్దాం. మీరు ఒప్పుకుంటే పిల్లల డైరీలో ఒక్క మాట రాసి పంపండి.