మోటారు పైకెత్తే ముందు

మిన్నెసోటాలో మే నెల వచ్చిందంటే గరాజుల్లోంచి బోట్లు బయటికొస్తాయి. 10 ఎకరాలూ ఆ పైన ఉన్న సరస్సులే ఇక్కడ 11,842 ఉన్నాయి మరి. ఈమధ్య మన తెలుగువాళ్ళు కూడా సెకండ్ హ్యాండులో చిన్న అల్యూమినియం బోటు కొనుక్కుని వారాంతాల్లో బయల్దేరుతున్నారు. మగవాళ్ళు హార్స్‌పవర్ల గురించి మాట్లాడుకుంటారు. మనం పిల్లల లైఫ్ జాకెట్లూ పులిహోర డబ్బా చూసుకుంటాం. ఈ నెల మాత్రం ఆ బోటు వెనక వేలాడే మోటారు గురించి, అందులోనూ ఒక్క పని గురించి చెప్తాను. అదే దాన్ని పైకెత్తడం, అంటే టిల్ట్ చేయడం.

పాపికొండలకు వెళ్ళే లాంచీలో ఇంజను లోపలే ఉంటుంది. చిన్న బోటుకి మాత్రం బయట, వెనక పలకకి తగిలించి ఉంటుంది. అందుకే దాన్ని ఔట్‌బోర్డు అంటారు. పైన టోపీలాంటి మూత కింద ఇంజను, నీళ్ళలోకి దిగిన కాలు, ఆ కాలి చివర ప్రొపెల్లరు ఉంటాయి. లోతు తక్కువైనా, ఒడ్డుకి చేరినా, ట్రైలర్ ఎక్కించినా ఆ కాలు నేలకి తగలకుండా మోటారుని వెనక్కి వంచి పైకెత్తాలి. నడిపేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఇది మాత్రం ఒడ్డుకొచ్చాక హడావిడిలో చేసే పని. వెనక ఇంకో బోటువాళ్ళు ఎదురుచూస్తుంటారు, పిల్లలు బాత్‌రూమ్ అంటుంటారు.

అన్నిటికన్నా ముందు ఇంజను ఆపాలి. కారుకైతే రేడియేటరు ఉంది. ఈ మోటారు చల్లబడేది సరస్సు నీళ్ళతోనే. ప్రొపెల్లరుకి కాస్త పైన ఉన్న చిల్లుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. కాలి లోపలున్న పంపులో ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం వాటిని ఇంజను దాకా తోస్తుంది. ఆ రబ్బరు ఒరుసుకుపోకుండా కాపాడేవీ ఆ నీళ్ళే. ఇంజను తిరుగుతుండగా పైకెత్తేస్తే చిల్లులు గాల్లోకి వస్తాయి, రబ్బరు పొడిగా తిరుగుతుంది. మిక్సీలో చుక్క నీళ్ళు పోయకుండా నానిన మినప్పప్పు వేసి తిప్పితే ఏమవుతుందో మనకి తెలుసు కదా! ఇక్కడ కొన్ని క్షణాల్లోనే రబ్బరు పాడవుతుంది. ముక్కలు ఊడితే నీటి దారుల్లో అడ్డం పడతాయి. ఇంపెల్లర్ మార్చడం చిన్న ఖర్చే, ఇంజను వేడెక్కి పాడైతే మాత్రం బోటు కొన్న సంతోషమంతా పోతుంది. నడిచేటప్పుడు మోటారు పక్కనుంచి సన్నటి నీటి ధార వస్తుంటుంది. అది ఆగిందంటే వెంటనే ఇంజను ఆపాలని పిల్లలకి కూడా నేర్పండి. మా పెద్దవాడి డ్యూటీ అదే.

రెండోది గేరు. చిన్న మోటార్లలో గేరు రివర్సులో ఉంటే మోటారు పైకి లేవకుండా లోపల లాక్ పడుతుంది. వెనక్కి నడిపేటప్పుడు అది దానంతటదే ఎగరకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. లేవడం లేదని బలంగా గుంజకండి, ముందు గేరు ఎక్కడుందో చూడండి. చేత్తో ఎత్తే మోటారైతే మూత వెనకున్న పిడి పట్టుకోవాలి. స్టీరింగ్ హ్యాండిల్ పట్టుకుని నొక్కితే అది విరిగే ప్రమాదం ఉంది.

మూడోది చోటు. మోటారు వంగినప్పుడు దాని తల బోటులోపలి వైపుకి వస్తుంది. అక్కడ వెనక గోడ, కేబుళ్ళు, పెట్రోలు గొట్టం, గాలపు కర్రలు పెట్టే స్టాండు ఉంటాయి. అందుకే ఎత్తేముందు మోటారుని తిన్నగా ఉంచాలి. పక్కకి తిరిగి ఉంటే దేనికో ఒకదానికి తగులుతుంది. మా స్నేహితులు వెనకవైపు కొత్తగా ఒక పెట్టె బిగించుకున్నారు. తర్వాత మొదటిసారి బటన్ నొక్కగానే మోటారు మూత దాని అంచుకి ఒత్తుకుని పగిలింది. బోటుకి ఏది కొత్తగా బిగించినా మొదటిసారి ఒకరు బటన్ కాస్త కాస్తగా నొక్కాలి, ఇంకొకరు వెనక నిలబడి చూడాలి.

బటన్ ఉన్న మోటార్లలో పనిచేసేది హైడ్రాలిక్ నూనె. ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే. చిన్న పంపు పెట్టిన ఒత్తిడితో అంత బరువు లేస్తుంది. చివరిదాకా లేచాక పంపు శబ్దం మారుతుంది, వెంటనే వేలు తీసేయాలి. బ్యాటరీ అయిపోతే చేత్తో దించడానికి ఒక స్క్రూ ఉంటుంది. అది వదులు చేయగానే మోటారు ఒక్కసారిగా కిందకి పడొచ్చు. 50 హార్స్‌పవర్ మోటారు సుమారు నూరు కిలోలు ఉంటుంది. మోటారుకీ బిగించిన బ్రాకెట్‌కీ మధ్య పిల్లల వేళ్ళు ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మావారికి కూడా మినహాయింపు ఇవ్వను, పిల్లలు పక్కకి జరిగారని నేను చెప్పాకే బటన్ నొక్కాలి.

పైకెత్తి కాసేపు అలాగే ఉంచాలంటే సపోర్టు లివర్ వేసి దానిమీద ఆనించాలి. విడి ట్యాంకు ఉంటే పెట్రోలు గొట్టం తీసేయాలి, మోటారులోనే ట్యాంకు ఉంటే పెట్రోలు కుళాయి కట్టేయాలి. వంగి ఉన్న మోటారులోంచి పెట్రోలు కారే అవకాశం ఉంది.

ఆ సపోర్టు లివర్‌ని నమ్ముకుని హైవే ఎక్కకండి. బోటు నిలకడగా ఉన్నప్పుడు ఆనించడానికే అది. వంచిన మోటారు బరువంతా వెనక్కి వేలాడుతూ ఉంటుంది. రోడ్డుమీద ప్రతి కుదుపుకీ అది గునపంలా పనిచేసి వెనక పలకని పీకుతుంది. నేలకి చాలినంత ఎత్తుంటే మోటారుని నిటారుగా దించే తీసుకెళ్ళాలి. లేకపోతే ట్రైలర్‌కీ మోటారు కాలికీ మధ్య ట్రాన్సమ్ సేవర్ అనే ఆధారపు కడ్డీ పెట్టాలి. బయల్దేరే ముందు ర్యాంప్ పక్కకి జరిగి మోటారుని పూర్తిగా దించి లోపలి నీళ్ళు కారనివ్వండి. జీబ్రా మసెల్స్ లాంటివి ఒక సరస్సులోంచి ఇంకోదానికి పాకకుండా, నీళ్ళన్నీ వంపేసి, బోటు అడుగున ఉన్న బిరడా తీసే రోడ్డెక్కాలని మిన్నెసోటా చట్టం చెప్తోంది.

ఆఖరిది చలికాలం. గరాజులో చోటు కలిసొస్తుందని మోటారుని ఎత్తి వదిలేయకండి. బయట పెట్టేవాళ్ళు అసలే వద్దు. ప్రొపెల్లరు మధ్యలోని ఖాళీలో వాన నీళ్ళూ మంచూ చేరతాయి. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్లో నిండా నింపి పెట్టిన గాజు సీసా పగిలినట్టే మోటారు కాలి లోహం కూడా పగులుతుంది. నిటారుగా ఉంచితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో 1909లో ఓలే ఎవిన్‌రూడ్ ఇలాంటి మోటార్లు చేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఆఫీసూ ప్రకటనలూ చూసుకున్నది ఆయన భార్య బెస్. ఇక మన సంగతికొస్తే, ర్యాంప్ మీద పాచికి జారి మావారి మణికట్టు బెణికిన రోజున మోటారు ఎత్తి, గొట్టం తీసి, కడ్డీ పెట్టి బోటుని ఇంటికి చేర్చాల్సింది నేనే. ఆయన వెనక నిలబడి చెప్పబోయారు కానీ అప్పటికే పనైపోయింది.

లివర్ ఎక్కడుంటుంది, స్క్రూ ఎటు తిప్పాలి అన్నవి మోటారుని బట్టి మారతాయి. మీ మోటారుతో వచ్చిన పుస్తకంలో టిల్ట్ గురించిన పేజీలు చదివి, ఈ శనివారం బోటు ట్రైలర్ మీద ఉండగానే, ఇంజను ఆపి ఉంచి, ఒకసారి మీ చేత్తో ఎత్తి దించి చూడండి. సందేహాలుంటే రాయండి, వచ్చే నెల జవాబులతో కలుద్దాం.