ఫలూజా విజయ మెవరిది?

2004వ సంవత్సరము నవంబరు 7వ తేదీన అమెరికా మెరీను దళములు తక్కిన సేనలతో గూడి ఇరాకులోని ఫలూజా నగరముపై దాడి ప్రారంభించినవి. మసీదుల నగరమని పేరొందిన యా యూరు డిసెంబరు 23వ తేదీ నాటికి వశమయ్యెను. దాదాపు 95 మంది అమెరికను సైనికులు మడిసిరి. 500 మందికి పైగా గాయపడిరి. తిరుగుబాటుదారులు 1,200 మందికి పైగా హతులైరని సేనాధిపతుల లెక్క. పౌరులు సుమారు 800 మంది మరణించిరని రెడ్‌క్రాసు అధికారి యొకరి యంచనా. దీనికి విజయమని పేరిడిరి!

యుద్ధమునకు జెప్పిన కారణ మేమి? మహామారణాయుధములు. అట్టి నిల్వలు లేవని అమెరికా ప్రభుత్వమే పంపిన అన్వేషణ సంఘము ముట్టడికి నెల ముందే నివేదించి యుండెను. దావా నిలువదని తేలిన పిమ్మట డిక్రీని అమలు జరుపుట ఏ న్యాయస్థానపు ధర్మమో మే మెరుగము.

తిరుగుబాటుదారులు సాధువులని మే మనము. ఆ యేడు మార్చి 31న నలుగురు అమెరికను ప్రైవేటు రక్షకులను జంపి, శవములను వంతెనకు వ్రేలాడదీయుట పైశాచికము. ఇల్లిల్లు వెదకుచు పోరాడిన మెరీనులు పిరికివారనియు మే మనము. వారిని బంపినవారినే యడుగుచున్నాము: హంతకుల నేరమునకు నగరమా జామీను?

తెల్ల భాస్వరమును వెలుతురు కొరకే వాడితిమని మొదట జెప్పిరి. 2005 నవంబరులో శత్రువులపై ఆయుధముగా బ్రయోగించితిమని యొప్పుకొనిరి. జనావాసములందు దహనాయుధములను నియంత్రించు 1980 నాటి ఒడంబడిక భాగమును అమెరికా 2009 వరకు అంగీకరింపలేదు గనుక దోషము లేదను వాదము కలదు. ఒప్పందమున సంతకము లేనంత మాత్రమున నిప్పు కాల్చక మానునా?

ఇంత నెత్తురునకు ఫలమేమి? 2014 జనవరిలో ఆ యూరు ఐసిస్ ముఠాల పాలయ్యెను. 2016 జూనులో ఇరాకు సేనలు మరల పోరాడి దానిని దీసికొనవలసి వచ్చెను. ఊరిని గెలిచినవారు ఊరివారిని గెలువలేదు. ప్రజల సమ్మతి లేని విజయము ఇసుకలో గట్టిన గోడ.

2003 జూలైలో మన ప్రభుత్వము ఇరాకునకు సేనలను బంపుటకు నిరాకరించెను. మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియా యెడారిలో పరుల కొరకు నేలకొరిగిన సిపాయీల దేశమునకు అదియే తగిన యుత్తరము. రేపు మరల ఏ బలవంతుడైన బిలిచినచో, మన ప్రతినిధులు చేయి యెత్తుటకు ముందు ఫలూజా లెక్కను జదువుకొందురు గాక!