పేర్లు తిరిగి ఇచ్చినవారికి షుక్రియా

పోయిన రంజాన్ పండుగ అయిన కొద్ది రోజులకు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక సంచి. సంచిలో మడతల దగ్గర చిరిగిపోయిన రెండు కాగితాలు, ఒక పోస్టుకార్డు ఉన్నాయి.

"ఉస్తాద్, ఇల్లు ఖాళీ చేస్తుంటే మా దాదీ పెట్టెలో దొరికాయి. ఇంగ్లీషు కాగితాలు నేనే చదివాను. దాదీ వాళ్ళ అబ్బా రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయీ అట. ఈ కార్డు మాత్రం మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు" అన్నాడు.

కార్డు ఉర్దూలో ఉంది. గొలుసుకట్టు రాత. సిరా చాలాచోట్ల వెలిసిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని నెమ్మదిగా చదివాను. అందులో గొప్ప విషయాలేమీ లేవు. తాను క్షేమంగా ఉన్నానని, మనియార్డరు అందిందో లేదో రాయించమని, చిన్నదానికి దగ్గు తగ్గిందా అని రాశాడు. చివర తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు.

"చిన్నది ఎవరు బాబూ?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "మా దాదీయే అయి ఉండాలి. ఆయనకు ఇంకెవరూ పిల్లలు లేరు" అన్నాడు.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆమెకు చదవడం రాదు. తన దగ్గు గురించి తండ్రి అంత దూరం నుంచి అడిగాడన్న సంగతి తెలియకుండానే, ఆ కార్డును బతికినంత కాలం బట్టల అడుగున దాచుకుంది. ఎవరినైనా పిలిచి చదివించుకుని ఉంటే రెండు నిమిషాల పని!

ఆ అబ్బాయి వెళ్ళిపోయాక నాకు లాహోర్ రిజిస్టర్ల సంగతి జ్ఞాపకం వచ్చింది. ఈ పేజీ చదివే కుటుంబాలకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుంచి 1918 వరకు సాగింది. మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా ఆ యుద్ధంలో పనిచేశారు. 74 వేల మందికి పైగా మరణించారు. సైన్యంలో చేరినవారిలో అన్ని ప్రాంతాలకన్నా పంజాబ్ వారు ఎక్కువ. వారిలో ముసల్మానులు, సిక్కులు, హిందువులు అందరూ ఉన్నారు. యుద్ధం ముగిశాక 1919లో పంజాబ్ ప్రభుత్వం ఊరూరా వివరాలు సేకరించి రిజిస్టర్లు రాయించింది. సుమారు 26 వేల పేజీలు, 3 లక్షల 20 వేల మంది సైనికులు. ఎవరు ఏ ఊరివారు, తండ్రి ఎవరు, ఏ పటాలంలో పనిచేశారు వంటి వివరాలు అందులో ఉన్నాయి.

ఆ తర్వాత రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉండిపోయాయి. దేశం రెండుగా చీలింది. ఊళ్ళు ఒకవైపు, ఆ ఊళ్ళవారు మరొకవైపు అయ్యారు. తొంభై ఏళ్ళకు పైగా వాటిని తెరిచి చూసినవారు లేరు. చివరకు బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీలు నడిపే యూకే పంజాబ్ హెరిటేజ్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, గ్రీనిచ్ విశ్వవిద్యాలయంతో కలిసి వాటికి మళ్ళీ వెలుగు చూపించింది. మ్యూజియంవారు సహకరించారు. ఒక్కొక్క పేజీ ఫోటో తీశారు. ఒక్కొక్క పేరు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 2021 నవంబరులో మొదటి విడతగా జలంధర్, లూధియానా, సియాల్‌కోట్ జిల్లాలకు చెందిన సుమారు 45 వేల మంది వివరాలను ఇంటర్నెట్‌లో అందరి ముందు పెట్టారు.

ఈ మూడు జిల్లాలను చూడండి. మొదటి రెండూ ఇప్పుడు భారతదేశంలో ఉన్నాయి, మూడోది పాకిస్తాన్‌లో ఉంది. జలంధర్ నుంచి 1947లో వెళ్ళిపోయిన ముస్లిం కుటుంబం, సియాల్‌కోట్ నుంచి ఇటు వచ్చిన సిక్కు కుటుంబం, ఇద్దరూ తమ ముత్తాతల పేర్లు ఒకే చోట వెతుక్కోవచ్చు. ఆ పేర్లను ఏ సరిహద్దూ విడదీయలేదు.

"పేర్లే కదా, ఇందులో అంత గొప్పేముంది?" అని ఎవరైనా అనవచ్చు. బస్రా సంగతి తెలిస్తే అలా అనరు.

ఇరాక్‌లోని బస్రాలో ఒక పెద్ద యుద్ధ స్మారకం ఉంది. మెసపొటేమియా యుద్ధంలో చనిపోయి, సమాధి ఎక్కడుందో తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టినది. అక్కడ బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. మనవారిలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కారు. మామూలు సిపాయీలకు పేరు లేదు. పటాలం పేరు రాసి, దాని కింద ఇంతమంది అని ఒక అంకె వేశారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ అంకెలో తన కొడుకు ఎక్కడ ఉన్నాడని వెతుక్కుంటుంది?

అన్నిచోట్లా ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్‌లో 1927లో కట్టిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఐరోపాలో చనిపోతే పేరు, ఆసియాలో, ఆఫ్రికాలో చనిపోతే అంకె! ఈ వివక్షను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తానే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదికలో ఒప్పుకొంది. భారత, ఆఫ్రికా, ఈజిప్టు దేశాల వారు 45 వేల నుంచి 54 వేల మందికి సమానమైన గౌరవం దక్కలేదని, కనీసం మరో 1 లక్ష 16 వేల మందికి పేరుతో స్మారకమే లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల వరకు ఉండవచ్చని ఆ నివేదిక చెప్పింది. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. శతాబ్దం తర్వాత వచ్చిన క్షమాపణ అది.

క్షమాపణ చెప్పడం ప్రభుత్వాల పని. పేరు వెతికి తెచ్చేది మాత్రం మామూలు మనుషులే. పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రి కూర్చుని పాత అక్షరాలు కూడబలుక్కుని టైపు చేసేవారు. తాతగారి ఫోటోను గోడ మీది నుంచి దింపి తీసుకువచ్చి ఇచ్చేవారు. తమ ఊరి పేరు తప్పుగా పడితే ఉత్తరం రాసి సరిచేయించేవారు. చిన్న మొత్తమైనా చందా ఇచ్చేవారు. సైనికులను గౌరవించే ఇటువంటి ప్రతి పని వెనుకా వీరే ఉంటారు. సాటి మనిషికి షుక్రియా చెప్పడం మన ఇళ్ళలో పిల్లలకు మొదట నేర్పే పాఠం. ఆ షుక్రియా ముందుగా వీరికి చెందుతుంది.

మరొక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులోని వోకింగ్ పట్టణంలో భోపాల్ బేగం షాజహాన్ ఆర్థిక సహాయంతో 1889లో కట్టిన మసీదు ఉంది. దానికి కొద్ది దూరంలో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి ఆసుపత్రులలో మరణించిన ముస్లిం సైనికుల కోసం ఒక ఖబరస్తాన్ నిర్మించారు. రెండో యుద్ధంలో మరణించిన కొందరిని కూడా అక్కడే ఖననం చేశారు. తర్వాత ఆ స్థలం ఆకతాయిల పాలైంది. 1968లో సమాధులను అక్కడి నుంచి బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి మార్చారు. ఖాళీగా మిగిలిన ఆ గోడల మధ్య తుప్పలు పెరిగాయి. అప్పుడు ఆ పరిసరాల భూమిని కాపాడే స్థానిక సంఘం, మునిసిపాలిటీవారు, చరిత్ర పరిరక్షకులు కలిసి ఆ కట్టడాన్ని బాగుచేయించారు. 2015లో అది శాంతి ఉద్యానవనంగా తెరుచుకుంది. అక్కడ ఖననమైన 27 మంది పేర్లు ఇప్పుడు రాతి మీద ఉన్నాయి. ఆ పని చేసినవారిలో చాలామంది మన మతంవారు కారు, మన దేశంవారు కారు. వారు ఆ పేర్లను తమ ఊరి అమానత్ అనుకున్నారు.

ఇక మన సంగతి. ఇదంతా పంజాబువారి విషయం, మనకేమిటని అనుకోకండి. 1914లో ఫ్రాన్సు వెళ్ళిన అశ్వికదళాలలో ఒకదాని పేరే సికింద్రాబాద్ బ్రిగేడ్. అందులోని దక్కన్ హార్స్ అనే పటాలంలో దక్కనీ ముసల్మానులు ఉండేవారు. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర ఈ పటాలం గుర్రాల మీద శత్రువుపైకి దూసుకుపోయింది. ఇక నిజాం సంస్థానానికి చెందిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు సైనిక విగ్రహాలు ఎవరివని అడిగితే మన పిల్లలు ఎంతమంది చెప్పగలరు? హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్ల గుర్తుగా 1922లో నిలిపినవి అవి. ఆ విగ్రహం అందరికీ కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న మనిషి పేరు మాత్రం ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక రేకు పెట్టెలో ఉండిపోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మా మిత్రుడొకాయన సూటిగానే అడిగారు. "మౌలానా సాబ్, వాళ్ళు ఇంగ్లీషువాడి జీతం తిని ఇంగ్లీషువాడి కోసం పోరాడారు. పైగా తుర్కీ సైన్యం మీదికి వెళ్ళారు. వాళ్ళను తలచుకోవడం ఎందుకు?"

ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. అప్పట్లో ఎందరో సిపాయీల మనసులను ఇదే ప్రశ్న కలచివేసింది. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ఒక పటాలంలోని ముస్లిం సిపాయీలు తిరగబడ్డారు. తమను తుర్కీ మీదికి పంపుతారన్న భయం అందుకు ఒక కారణం. 47 మందిని జైలు గోడ దగ్గర జనం చూస్తుండగా కాల్చిచంపారు. పంజాబులో యుద్ధం చివరి ఏళ్ళలో గ్రామాల మీద ఒత్తిడి తెచ్చి, బెదిరించి మనుషులను చేర్చుకున్నారు. సైనికుల వివరాలు రాయించిన అదే 1919లో, అదే పంజాబులో, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో నిరాయుధుల మీద కాల్పులు జరిపారు. ఇది మరచిపోయి కీర్తించమని ఎవరూ అడగడం లేదు.

నేను చెప్పేది ఒక్కటే. యుద్ధం న్యాయమైనదా కాదా అన్నది వేరు, అందులో కూలిపోయిన మనిషికి పేరు ఉండాలా వద్దా అన్నది వేరు. కరువుకు తాళలేక చేరినవాడు, బలవంతంగా చేరినవాడు, నమ్మి చేరినవాడు, ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకున్నవాడు, అందరి పేర్లూ ఉంటేనే మనం ఆ కాలాన్ని సరిగా తూచగలం. పేర్లు లేకపోతే దొరల లెక్క ఒక్కటే మిగులుతుంది. ఆ లెక్కలో మనవాళ్ళు అంకెలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మా ఇంట్లో చెదలు పట్టిన ఉర్దూ కాగితాల కట్ట ఒకటి బయటపడింది. మా దాదా తరంనాటివి. పైన బిస్మిల్లా రాసి ఉంది కనుక చెత్తలో వేయకూడదని, అదబ్‌తో మూటగట్టి కాలువలో వదిలాను. చదవడం వచ్చినవాణ్ణి నేను! ఒక్క కాగితమైనా విప్పి చూడలేదు. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరి దగ్గును గురించి ఎవరు అడిగారో ఇక తెలియదు. పేరు చదవకుండా చేసిన ఆ మర్యాద మర్యాద కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

అందుకే పాఠక సోదరులకు, ముఖ్యంగా ఇంటి పెట్టెల తాళాలు చేతిలో ఉన్న అక్కలకు, అమ్మలకు నా మనవి. మీ ఇంట్లో పాత సైనిక కాగితాలు, పతకాలు, ఉత్తరాలు ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. మేము వదిలినట్టు కాలువలోనూ వదలకండి. ప్లాస్టిక్ అంటించి లామినేషన్ చేయించకండి, చేయిస్తే మళ్ళీ ఊడదీయలేం. ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. ఉర్దూ చదవగల పెద్దలు మీ వీధిలో ఇంకా ఉన్నారు. మసీదులో అడిగినా చెబుతారు. వారితో చదివించి, ఆ మాటలను తెలుగు అక్షరాలలో వేరే కాగితం మీద రాసి పక్కనే పెట్టండి. ముఖ్యంగా మూడు విషయాలు రాయండి. పేరు, తండ్రి పేరు, ఊరు. మహమ్మద్ అనే ఒక్క పేరునే ఇంగ్లీషు గుమాస్తాలు పది రకాలుగా రాశారు. తండ్రి పేరు, ఊరి పేరు లేకుంటే ఏ మహమ్మద్ ఎవరో తేల్చలేం.

ఉర్దూ వచ్చిన నా తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. వారానికి ఒక గంట ఇటువంటి కాగితాలు చదివిపెట్టడానికి కేటాయించండి. డబ్బు తీసుకోకండి. లాహోర్ రిజిస్టర్లలో దక్కన్ జిల్లాలు లేవు. మన పేర్లను పోగుచేయడం మన పనే. ఎక్కడో పంజాబీలు, వోకింగ్ ఊరివారు చేసిన పనికి మనం చెప్పగల నిజమైన షుక్రియా ఇదే.

ఆ అబ్బాయికి కార్డులోని మాటలన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. తర్వాతి జుమా రోజున నమాజ్ అయ్యాక వాడు మళ్ళీ కనిపించాడు. దాదీ ఖబర్ దగ్గరికి వెళ్ళి ఫాతిహా చదివి, ఆ తర్వాత జేబులోని కాగితం తీసి ఆమెకు వినిపించినట్టుగా పైకి చదివాడట.

"దగ్గు సంగతి కూడా చదివావా?" అని అడిగాను.

"అదే ముందు చదివాను ఉస్తాద్" అన్నాడు.