హాల్లో పండగ, వంటింట్లో పవర్ కట్

రేపల్లెలో మా కొత్త ఇంటికి వచ్చినవాళ్ళందరూ చెప్పులు విప్పగానే పైకి చూస్తారు. చూడాల్సిందే మరి. హాలు సీలింగ్ మీద మా నాన్న పెట్టిన డబ్బు నా రెండు సెమిస్టర్ల ఫీజుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పీవోపీ ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాక్కున్న స్ట్రిప్ లైట్లు, మధ్యలో గాజు పూసల షాండ్లియరు, చుట్టూ ఎనిమిది ప్యానెల్ లైట్లు, టీవీ వెనకాల నీలం లైటు, దేవుడి గది గుమ్మం మీద పసుపు బల్బు. దసరా సెలవుల్లో పనిలేక కూర్చుని లెక్కపెట్టాను. హాల్లో మొత్తం పదిహేడు పాయింట్లు. వంటింట్లో ఒకటి.

ఆ ఒక్కటి కూడా ఎక్కడ? తలుపు పైన గోడకి. అంటే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వీపు వెనకాల.

మ్యాగజైన్‌కి ఏదైనా రాయమంటే వెన్నెల మీదో, గుడ్డి దీపం మీదో కవిత పంపేవాళ్ళు మన క్లబ్బులో చాలామందే ఉన్నారు. నాది ఈఈఈ బ్రాంచి, నాకు వచ్చింది ట్యూబ్‌లైటే. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన ఇళ్ళల్లో ఒక లైటుకీ ఇంకో లైటుకీ పొత్తు కుదరడం లేదంటే, డిజైన్ తెలీక కాదు. ఆ లైటు కింద ఎవరు నిలబడతారో అడక్కుండా పాయింట్లు పెడుతున్నాం. మిగతా గోలంతా దాని తర్వాతే మొదలవుతుంది.

ముందు రంగు సంగతి చూద్దాం, తేలికైంది అదే. లైటు డబ్బా మీద 3000కె, 4000కె, 6500కె అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది కెల్విన్. కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, ఇంకా వేడెక్కితే తెల్లగా అవుతుంది కదా, ఆ లెక్కే. కొవ్వొత్తి వెలుగు 1900 దగ్గర్లో ఉంటుంది, పాత గుండు బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, చిన్నప్పటి నుంచీ మనకి అలవాటైన ట్యూబ్‌లైటు 6500. తమాషా ఏంటంటే నంబరు పెరిగేకొద్దీ వేడి పెరగాలి, షాపులో మాత్రం దాన్ని 'కూల్' అంటారు. థర్మోడైనమిక్స్ సార్ వింటే బాధపడతారు.

మా హాల్లో స్ట్రిప్ లైట్లు 3000, షాండ్లియర్ బల్బులు 2700, ప్యానెళ్ళు 'త్రీ ఇన్ వన్'. అంటే స్విచ్చి ఒకసారి ఆపి వేస్తే తెలుపు, మళ్ళీ ఆపి వేస్తే పసుపు, మూడోసారి రెండూ కలిపి. షోరూములో చూపించినప్పుడు అందరం నోరు తెరిచాం. ఇంటికొచ్చాక అసలు సినిమా మొదలైంది. ఒక్కో ప్యానెల్‌కీ ఒక్కో డ్రైవరు ఉంటుంది, అందులో ఒక కెపాసిటరు. కరెంటు ఎంతసేపు పోయిందన్నదాన్ని బట్టి డ్రైవరు 'నన్ను స్విచ్చి నొక్కి మార్చారా, లేక మొత్తం ఆపేశారా' అని తేల్చుకుంటుంది. అన్ని కెపాసిటర్లూ ఒకే వేగంతో ఖాళీ అవవు. రేపల్లెలో ఎండాకాలం సాయంత్రం కరెంటు రెండు మూడు సెకన్లు పోయి రావడం ఎంతసేపు! వచ్చేసరికి ఎనిమిదింట్లో అయిదు తెల్లగా, రెండు పసుపుగా, ఒకటి ఎటూ కాకుండా. హాలంతా చదరంగం బల్ల. చుట్టాల ముందు నాన్న స్విచ్చి దగ్గర నిలబడి టకటకా నొక్కుతూ ఉంటే పెళ్ళిలో సీరియల్ సెట్టు వేసినట్టుండేది.

ఇక్కడితో అయిపోలేదు. ప్యానెళ్ళు తెనాలిలో హోల్‌సేల్‌గా కొన్నారు. నాన్న వాటిని రేపల్లె పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లల్లా తెచ్చారు. రెండు కాలిపోతే రేపల్లె బజార్లో వేరేవి తెచ్చి వేశారు. డైనింగు దగ్గర ట్యూబు నేను బాపట్ల నుంచి సెలవులకొస్తూ తెచ్చింది. అన్నిటి మీదా 6500 అనే ఉంది. అయినా ఒకటి కొంచెం ఆకుపచ్చ మెరుపుతో, ఒకటి లేత గులాబీగా. మా ఇంట్లో మూడు ఊళ్ళ తెలుపులున్నాయి.

ఎందుకలా? తెల్లటి ఎల్‌ఈడీ అని మనం అనుకునేది లోపల నీలం ఎల్‌ఈడీ. దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపవుతాయి. పూత ఒక వెంట్రుకవాసి మందమైతే ఒక తెలుపు, పలచనైతే ఇంకో తెలుపు. ఎంత చిన్న తేడాని కన్ను పట్టేస్తుందో 1942లోనే మెక్ఆడమ్ అనే ఆయన కొలిచి పెట్టారు. కంపెనీలు ఎల్‌ఈడీలని ఆ తేడాల ప్రకారం ఏరి గంపలు గంపలుగా వేరు చేస్తాయి. చవక సరుకులో ఏరడం తక్కువ. అందుకే ఒక గదిలో కనపడే లైట్లన్నీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే డబ్బాలోవి కొనుక్కోవాలి. రెండు ఎక్కువ కొని అటక మీద పారేయాలి. ఇందులో పెద్ద ఇంజనీరింగు ఏమీ లేదు.

ఈ సూత్రం ఏ పుస్తకమూ చదవకుండా పాటించిన మనిషి మా పెద్దమ్మ. వాళ్ళది తెనాలి, కాలవ పక్కన పాత ఇల్లు. (2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక వాళ్ళు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయారు, మేము బాపట్ల జిల్లా అయ్యాం. ఇప్పటికీ పెదనాన్న మమ్మల్ని 'పక్క జిల్లా వాళ్ళు' అని ఏడిపిస్తారు.) ఆ ఇంట్లో మొత్తం తొమ్మిది లైట్లు. హోల్డర్లు ఒకదానికొకటి సంబంధం లేనివి. వరండాలో పాత ఇత్తడి బ్రాకెట్టు, మధ్య గదిలో గాజు బుడ్డి, వెనక మామూలు ప్లాస్టిక్ హోల్డరు. అయినా రాత్రిపూట ఆ ఇంట్లోకి వెళితే కళ్ళకి హాయిగా ఉంటుంది. కారణం ఏంటా అని చాలా ఆలోచించి చివరికి ఆమెనే అడిగా. "ఏముందీ, డజను తీసుకుంటే తగ్గిస్తానన్నాడు, తీసుకున్నా" అంది. అన్నీ ఒకే బల్బులు, 4000. హోల్డర్లు తలా ఒక రకమైనా వెలుగు ఒకటే కాబట్టి ఇల్లంతా ఒక మాట మీద ఉన్నట్టుంది. మేము దీనికి సరిగ్గా తలకిందులు. ఫిటింగులన్నీ ఒకే బంగారు రంగు కేటలాగులోవి, వెలుగులు మాత్రం దేనిదారి దానిది.

ఇంకో సంగతి కూడా గమనించా. పెద్దమ్మ వంటింట్లో ట్యూబ్‌లైటు పొయ్యికి ఎదురుగా, కిటికీ పైన ఉంది. వైరింగ్ చేయించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ని ఆపి, తాను గట్టు ముందు నిలబడి, "ఇదిగో అబ్బాయ్, నా మొహం ఇటుంటది, లైటు అటుండాల" అని చూపించిందట. నాటకాల ఊరు కదా తెనాలి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లోనే స్త్రీ పాత్రలకి అంత పేరు తెచ్చుకున్నారు. లైటు వెనకుంటే సత్యభామైనా నల్లటి బొమ్మే. మొహానికి ఎదురుగా ఉండాలని ఆ ఊరి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదేమో.

మా ఇంటి వైరింగప్పుడు అమ్మ ఎక్కడుంది? కూలీలకి టీ పెడుతోంది. పాయింట్లు ఎక్కడెక్కడని ఎలక్ట్రీషియన్ నాన్ననే అడిగాడు. నాన్న హాల్లో ప్రతి పాయింటూ సుద్దముక్కతో గీసి చూపించి, వంటిల్లు వచ్చేసరికి "ఆ, ఎక్కడోచోట ఒకటెయ్యి" అన్నారు. నేనూ పక్కనే ఉన్నా. షాండ్లియర్ ఫోటోలు ఫోన్లో చూస్తున్నా. కాబట్టి ఈ వ్యాసంలో తప్పంతా నాన్న మీదికి తోసే హక్కు నాకు లేదు.

గృహప్రవేశం అయిన దగ్గర్నుంచీ అమ్మ సాయంత్రం కత్తిపీట తెచ్చుకుని హాల్లో కింద కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. సీరియల్ కోసమని మేం అందరం అనుకున్నాం, ఎగతాళి కూడా చేశాం. దసరాకి వెళ్ళినప్పుడు ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాను. ఫోన్ సెన్సరు లాబ్ మీటరు కాదు గానీ పోల్చుకోడానికి పనికొస్తుంది. సోఫా దగ్గర 200 దాటింది. వంటింటి గట్టు మీద, అమ్మ నిలబడి ఉండగా, 30 దగ్గర ఆగిపోయింది. అమ్మని పక్కకి జరగమంటే మూడింతలైంది. అంటే ఆమె రోజూ తన నీడలో తానే వంకాయలు తరుగుతోంది. "నీకెట్టా తెలిసింది?" అని అమ్మ నన్నడిగింది. అడగాల్సింది నేను. ఏడాది నుంచీ తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని. "ఇల్లు కట్టి అలిసిపోయారు గదా, మళ్ళీ గోడ పగలగొట్టమంటే ఏం బావుంటది" అంది.

అంతకుముందు ఆగస్టులో జరిగిందొకటి ఉంది. హాల్లోంచి వెనక వరండాలోకి ఒక మెట్టు దిగాలి. రెండు వైపులా ఒకే రంగు టైల్స్. హాలు పట్టపగల్లా ఉంటుంది, వరండాలో లైటు అవతలి చివర ఎక్కడో. నానమ్మ రాత్రి బాత్రూముకి వెళ్తూ అక్కడ పడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు. ఇంట్లో అందరి మాటా ఒకటే, "పెద్దావిడ, కళ్ళు కనపడవు". కనపడవు నిజమే. ఇరవై ఏళ్ళ కంటిలోకి వెళ్ళే వెలుగులో సుమారు మూడో వంతే అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకి అందుతుంది. కంటిపాప కుంచించుకుంటుంది, కటకం పచ్చబడుతుంది. పైగా ఎక్కువ వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను సర్దుకోడానికి మనకి పట్టే టైము కంటే వాళ్ళకి ఎక్కువ పడుతుంది. అంటే హాల్లో మేం పెట్టిన ఆ పదిహేడు లైట్లే ఆమెకి మెట్టుని మాయం చేశాయి. హాలు కొంచెం డల్లుగా, వరండా కొంచెం వెలుగుగా ఉంటే పడేది కాదని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ మెట్టు దగ్గర ఒక లైటు పెట్టాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

బాపట్లలో మా రూము గురించి రెండు ముక్కలు. నలుగురం, నాలుగు రకాల లైట్లు. ఒకడు గోడ చుట్టూ రంగులు మారే స్ట్రిప్ అంటించాడు. రాత్రి పదకొండింటికి మెషీన్స్ పుస్తకం ఎర్రగా, ఆకుపచ్చగా చదువుకుంటున్నాం. ఈ ఇల్లు మనది కాదు కాబట్టి వదిలేస్తున్నా.

'ఎవరి టేస్ట్ వాళ్ళది, నీకెందుకు' అని ఈ వ్యాసం డ్రాఫ్టు చదివిన ఫ్రెండ్ అన్నాడు. షాండ్లియర్ కావాలా, గాజు బుడ్డి కావాలా అన్నది టేస్టే, ఒప్పుకుంటా. నిజాంపట్నం నుంచొచ్చిన చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో వంటింట్లో తెలియకపోతే అది టేస్ట్ కాదు. చవక ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు బాగా తక్కువ. డబ్బా మీద సీఆర్ఐ 80 అని ఉన్నా నమ్మడానికి లేదు, ఆ సగటు లెక్కలోకి తీసుకునే ఎనిమిది రంగుల్లో ముదురు ఎరుపు లేనే లేదు. 90 ఉన్నది కొంటే వంటింటికి మేలు. ఇంట్లో అందరికంటే మంచి లైటు కావాల్సిన గది వంటిల్లు, మనం అందరికంటే చివర కొనేది వంటింటికి.

మన ప్రాంతానికి ఎల్‌ఈడీ కొత్తేమీ కాదు. 2014 అక్టోబరులో పాత గుంటూరు జిల్లాతో కలిపి నాలుగు జిల్లాల్లో ముందుగా పది రూపాయల ఎల్‌ఈడీ బల్బులు పంచారు. తర్వాత ఉజాలా అని పేరుపడ్డ పథకం దేశమంతా మొదలైంది 2015 జనవరిలో. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురు జపాన్ శాస్త్రవేత్తలకి నోబెల్ ప్రకటించిందీ సరిగ్గా 2014 అక్టోబరులోనే. అప్పట్లో గుండు బల్బు ఇచ్చి తెచ్చుకున్న రెండింట్లో ఒకటి నానమ్మ తన వంటింట్లో వేసుకుంది. ఇంటికి రెండే బల్బులన్నప్పుడు ఎక్కడ అవసరమో అక్కడే వేసుకున్నాం. పదిహేడు కొనే స్తోమత వచ్చాక ఆ తెలివి పోయింది.

సంక్రాంతికి నేనూ, మా వీధి ఎలక్ట్రీషియనూ కలిసి పని మొదలుపెట్టాం. గోడ పగలగొట్టలేదు, కేసింగ్ వేసి వైరు లాగాం. గట్టు మీది అల్మారా అడుగున రెండు చిన్న పట్టీ లైట్లు. సీలింగు లైటు గట్టుకి ఏడడుగుల పైన ఉంటే ఇవి రెండడుగుల పైన. దూరం తగ్గితే వెలుగు వర్గంలో పెరుగుతుందని ఇంటర్లో చదివిందే. పట్టీ పొడవుగా ఉంటుంది కాబట్టి పూర్తి పన్నెండు రెట్లు రాదు గానీ తేడా అమ్మ మొహంలోనే కనపడింది. మెట్టు పక్కన మోకాలి కింద ఒక ఫుట్ లైటు, పసుపుది, రాత్రంతా వెలిగేది. త్రీ ఇన్ వన్ ప్యానెళ్ళు తీసేసి మామూలు 4000వి ఆరు. మిగతా రెండు కన్నాలకి మూతలు. మూతలు బాలేవని నాన్న ఇప్పటికీ గొణుగుతారు. షాండ్లియర్ జోలికి మేం పోలేదు, అది ఆయన ముచ్చట. ప్యానెళ్ళు కాకుండా మిగతా పనికైన ఖర్చు పద్నాలుగు వందలు, మజూరీతో కలిపి. "చెట్టంత లైటుకి లేని పేరు ఈ బెత్తెడు లైటుకొచ్చింది బాబాయ్" అని ఎలక్ట్రీషియన్ నాన్నతో అంటుంటే నాన్న నవ్వలేదు, అలాగని కాదనీ అనలేదు.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేస్తే అమ్మ మళ్ళీ హాల్లోనే కత్తిపీట ముందు కూర్చుని ఉంది. నాకు గుండె జారింది. "లైటు పోయిందా ఏంటి?" అన్నా.

"పోలేదు. ఇప్పుడు సీరియల్ కోసమే" అంది.