రాజీ కాగితం రక్షణ ఉత్తర్వు కాదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఏ మొహల్లాకు వెళ్లినా పెద్దల నోట ఒకే మాట: ఇంటి గుట్టు కోర్టుకెక్కించవద్దు, జమాత్‌లోనే తేల్చుకుందాం. దెబ్బలు తిన్న ఆడబిడ్డను నలుగురి ముందు కూర్చోబెట్టి, ఇకపై చేయి చేసుకోనని భర్త చేత స్టాంపు కాగితం మీద రాయించి, ఆమెను అదే ఇంటికి తిరిగి పంపడాన్ని న్యాయమని పిలుచుకుంటున్నాం. అతడు మాట తప్పిన రాత్రి ఆ కాగితం ఆమెను ఎలా కాపాడుతుంది? ఈ ప్రశ్నకు మేము అడిగిన పెద్దలెవరూ సమాధానం చెప్పలేదు.

2005లో వచ్చిన గృహహింస చట్టం సమాధానం చెబుతోంది. బాధితురాలు స్వయంగా గానీ, రక్షణాధికారి గానీ, ఆమె తరఫున మరెవరైనా గానీ మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. ఆమెను కొట్టరాదని, వేధించరాదని, ఫోనులో సైతం సంప్రదించరాదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమెను అక్కడినుంచి వెళ్లగొట్టరాదని ఆదేశించగలరు. ప్రమాదం కనిపిస్తే ఎదుటి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలరు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించడం నాన్ బెయిలబుల్ నేరం. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రాజీ కాగితానికి ఈ బలం లేదు.

మన ఆడబిడ్డల మెట్టినిళ్లు కోలారులోనూ, బెంగళూరులోనూ, వాణియంబాడిలోనూ ఉన్నాయి. అంత దూరం ఎవరు తిరుగుతారని కుప్పంలో నిరుత్సాహపరిచేవారున్నారు. తిరగనక్కరలేదు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న పుట్టింటి ఊరి కోర్టులోనే దరఖాస్తు వేయవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

ఇది షరీయత్‌లో జోక్యమని కొందరంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదని మేమూ ఎరుగుదుము. మన వ్యక్తిగత చట్టంపై కత్తి వేలాడుతున్న కాలమిది. కానీ ఈ చట్టం అన్ని మతాల మహిళలకూ ఒక్కటే. భార్యను కొట్టే హక్కును ఏ నిఖానామా ఇవ్వలేదు. తలాక్ చెప్పేస్తే కేసు పోతుందనుకోవడమూ పొరపాటే. విడాకులకు ముందు జరిపిన హింసకు బాధ్యత విడాకులతో తొలగిపోదని జువేరియా పట్నీ కేసులో 2014లో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రభుత్వాన్నీ మేము వదలిపెట్టము. సాధారణంగా 3 రోజుల్లోపు తొలి విచారణ జరగాలని, అప్పటినుంచి 60 రోజుల్లోపు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాయిదాల మీద వాయిదాలు మోసే స్త్రీకి ఆ గడువులు అపహాస్యంగా తోస్తాయి. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను నియమించమని 2025 మే నెలలో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చిందంటే, ఇరవై ఏళ్లు పాలకులు ఏం చేసినట్టు? ఆ అధికారి పేరు, ఫోను నంబరు ప్రతి ఠాణా గోడ మీద, ప్రతి అంగన్‌వాడీ గుమ్మం మీద ఎందుకు లేవు?

జమాత్ పెద్దలకు మా విన్నపం ఇది. సయోధ్యకు ప్రయత్నించండి, కాదనము. అయితే ముందు ఆమెకు రక్షణ, తరువాతే రాజీ. హింస జరుగుతోందని సద్బుద్ధితో రక్షణాధికారికి తెలిపినవారిపై ఏ కేసూ నిలవదని చట్టమే అభయమిస్తోంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఉత్తర్వు ప్రతి ఆమెకు ఉచితంగా ఇవ్వాలి, ఠాణాకూ పంపాలి. అది చేరిందో లేదో వెంటపడి చూడండి. మసీదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కనే ఈ నంబరు రాయించండి.

మైనారిటీ హక్కుల కోసం వీధికెక్కే మనం, మన ఇళ్లలోని స్త్రీ హక్కును గడప దాటనీయకపోతే, ఏ ముఖంతో ప్రభుత్వాన్ని న్యాయం అడుగుతాం?